కాలవ కట్టిన నెలలో కోనసీమ

కోనసీమ చూడాలంటే సంక్రాంతికి వెళ్ళమంటారు అందరూ. నిజమే. అప్పుడు కాలవల నిండా నీళ్ళుంటాయి. గట్ల మీది కొబ్బరిచెట్లు ఆ నీళ్ళలో తమ నీడలు తామే చూసుకుంటూ వుంటాయి. ఫోటోలు తీసుకునేవాళ్ళంతా ఆ రోజుల్లోనే వెళతారు. నేను మాత్రం 2023లో, మే నెల మండుటెండలో వెళ్ళాను. మా అన్నయ్య మనవరాలి పెళ్ళి. ముహూర్తం పెట్టేటప్పుడు హైదరాబాదులో వున్న ఆడపడుచుకి ఉక్కపోస్తుందేమోనని పుట్టింటివారెవరూ ఆలోచించరు కదా!

తెల్లవారుజామున రాజమండ్రిలో రైలు దిగి బస్సెక్కాను. జొన్నాడ దగ్గర గౌతమి వంతెన మీదికి వచ్చేసరికి ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. నదిలో నీళ్ళకన్నా ఇసక తిన్నెలే ఎక్కువగా వున్నాయి. వంతెన దిగితే రావులపాలెం. అరటి గెలలకి పెట్టింది పేరు. లారీల మీదికి గెలలెక్కుతున్నాయి. పక్కనే లేత అరిటాకుల కట్టలు పేర్చి, ఎండిపోకుండా నీళ్ళు చల్లుతున్నాడొకాయన. ఈ ఆకుల సంగతి మళ్ళీ వస్తుంది. గుర్తుంచుకోండి.

కొత్తపేట దాటాక రోడ్డు పక్కనే కాలవ. కిటికీ దగ్గర కూచున్నదాన్ని, ఆశగా తొంగి చూశాను. కాలవలో నీళ్ళు లేవు.

ఆశ్చర్యపడవలసిందేమీ లేదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన నాటినుంచీ మా సీమకి కాలవే ప్రాణం. పొలం తడిసేదీ దానితోనే, మంచినీళ్ళ చెరువు నిండేదీ దానితోనే. దాళ్వా కోతలయ్యాక ఏప్రిల్లో కాలవ కట్టేస్తారు. పూడికలు తీసి, లాకులకి మరమ్మతులు చేసి జూన్లో మళ్ళీ నీళ్ళు వదులుతారు. మా చిన్నతనంలో కాలవ కట్టారంటే మాకు పండగ. అడుగున మిగిలిన మడుగుల్లో పిల్లలంతా మట్టగిడసలు పట్టేవారు. బురదలో వెతికితే కుండపెంకులు, పగిలిన గాజుముక్కలు, ఎప్పుడో ఎవరి చేతిలోంచో జారిపోయిన ఇత్తడి చెంబూ దొరికేవి. చెంబు దొరికినవాడు వూరంతా తిరిగి సొంతదారుని వెతికి ఇచ్చేవాడు. (ఇవ్వనివాళ్ళూ వుండేవారు. వాళ్ళ పేర్లు ఇప్పుడెందుకు?)

ఈసారి కాలవ అడుగున కనిపించినవి వేరు. బ్రెడ్డు ముక్కల మధ్య జామ్ పూసినట్టు, బురద ఒక పొర, కవర్లు ఒక పొర. నీళ్ళ సీసాలు, షాంపూ పొట్లాలు, థర్మాకోల్ పళ్ళేలు, పసిపిల్లలకి కట్టి పారేసే గుడ్డలు. వంతెన స్తంభాలకి కవర్లు జెండాల్లా చుట్టుకుని ఎండలో రెపరెపలాడుతున్నాయి. పది నెలలు నీళ్ళు దాచిపెట్టిన గుట్టు రెండు నెలలపాటు బయటపడుతుందన్నమాట.

పక్కసీటులో పెద్దాయన నా ముఖం చూసి, “జూన్లో ఇయ్యే నీళ్ళండీ మా చెరువులోకెక్కేయి,” అన్నాడు. నేను నా చేతిలోని నీళ్ళ సీసాకేసి చూసుకున్నాను. రాజమండ్రి స్టేషన్లో కొన్నది. ఖాళీ అయింది. ఆ పెద్దాయన పక్కన లేకపోతే దాన్ని ఏం చేసేదాన్నో నాకే తెలియదు.

మా యిల్లు అమలాపురానికి ఆరేడు మైళ్ళ దూరంలో వుంది. వెనక పెద్ద దొడ్డి. కాళ్ళు కడుక్కుని కాఫీ తాగి, అలవాటు ప్రకారం దొడ్లోకి వెళ్ళాను. నుయ్యి వుంది, పనసచెట్టు వుంది, పశువుల పాక వుంది. మూల పెంటపోగు వుండవలసిన చోట మాత్రం ఏమిటో ఒక రంగురంగుల దిబ్బ వుంది.

పెంటపోగు గురించి ఇంత చెబుతుందేమిటీవిడ అనుకోకండి. మా యింట్లో అదొక ఆస్తి. పాకలో పేడ, పొయ్యిలో బూడిద, కూరల తొక్కలు, రాలిన ఆకులు, వూడ్చిన చెత్త, శుభకార్యమైతే ఎంగిలాకులు అన్నీ అక్కడికే చేరేవి. అంట్లు తోమే కొబ్బరిపీచు అరిగిపోతే అదీ అక్కడికే. ఏడాది తిరిగేసరికి నల్లటి గత్తమై పొలానికి వెళ్ళేది. మా నాన్నా బాబయ్యా వేరుపడినప్పుడు ఇల్లు, పొలం, పశువులు పేచీ లేకుండా పంచుకున్నారు. పెంటపోగు దగ్గర తగువొచ్చింది! చివరికి పెద్దమనుషులు తాడు వేసి కొలిచి, సమంగా రెండు భాగాలు చేశారు. మాఘమాసంలో తెల్లవారుజామున లేచి చూస్తే ఆ పోగులోంచి ఆవిరి లేస్తూ వుండేది. లోపల చెయ్యి పెడితే చురుక్కుమనేది. దెయ్యం వుందని మా అన్నయ్య నన్ను భయపెట్టేవాడు.

ఆ దెయ్యం సంగతి ఇన్నేళ్ళకి అన్నయ్య రెండో అల్లుడు చెప్పాడు. వ్యవసాయం చదువుకున్నవాడు. కంటికి కనిపించని సూక్ష్మజీవులు ఆ చెత్తని తింటూ వుంటే పుట్టే వేడి అది. గాలీ తడీ సరిగా వుంటే పోగులో వేడి 55, 60 డిగ్రీలదాకా పోతుందట. ఆ వేడికి కలుపు గింజలు, రోగాల పురుగులు చచ్చిపోతాయి. “మీ నాన్నగారికి ఈ లెక్కలు తెలియవు గాని పని మాత్రం సరిగానే చేశారత్తయ్యా,” అన్నాడు.

మేము మాట్లాడుకుంటూ వుండగానే కౌలురైతు వచ్చాడు. మా నాన్న నాటినుంచీ వాళ్ళదే మా పొలం. పలకరింపులయ్యాక, “ఏమయ్యా, సార్వా ఎదరకొస్తోంది కదా, గత్తం ఎప్పుడు తోలుకెడతావు?” అన్నాను, ఏదో పాత పెత్తనం గుర్తొచ్చి.

అతను అన్నయ్యకేసి చూశాడు. అన్నయ్య పనసచెట్టుకేసి చూశాడు.

“ఆయ్, తప్పుగా అనుకోకండమ్మాయిగారూ. మూడేళ్ళయిందండి మీ దొడ్లో పెంట నేను తోలడం మానేసి. ఊరికినే ఇచ్చినా వద్దండి.” అని అరికాలు ఎత్తి చూపించాడు. పగిలిన బల్బు గాజుపెంకు దిగిన మచ్చ. “ఇదొకటేనా అండీ! కవర్లు దమ్ములో నాగలికి చుట్టుకుంటాయి. కవరు పడ్డచోట నీరింకదు, వేరు దిగదు. ఏరితే ఎన్నని ఏరతానండి?”

నాకు తల కొట్టేసినట్టయింది. తాడు వేసి కొలుచుకున్న ఆస్తి! ఊరికే ఇస్తామన్నా పుచ్చుకునేవాడు లేడు. ఇప్పుడు అన్నయ్య బస్తాల ఎరువు కొంటున్నాడు. ఆ బస్తాలూ ప్లాస్టిక్కువే. ఖాళీ అయ్యాక అవీ ఆ దిబ్బ మీదికే.

మా వదిన ఎక్కువ మాట్లాడదు. ఆ పూట వాకిట్లో చింతపండు పిక్కలు తీస్తూ అంది: “మా అత్తగారి రోజుల్లో చెత్త ఒకటే జాతి. ఇప్పుడు రెండు జాతులు. ఒకటి కుళ్ళేది, ఒకటి కుళ్ళనిది. గంప మాత్రం మనం మార్చలేదు.”

నేను చదివిన పుస్తకాలన్నిటికన్నా ఆ మాట నాకు బాగా పట్టింది. కుళ్ళేది మంచిది, కుళ్ళనిది చెడ్డది అని మనం తేలిగ్గా అనేస్తాం. అంత తేలిక కాదు. హైదరాబాదులో మా వీధి చెత్తంతా వూరి చివర జవహర్‌నగర్ డంపింగ్ యార్డుకి వెళుతుంది. ఒకసారి ఆ పక్కగా వెళ్ళవలసి వచ్చి, కారు అద్దాలు మూసినా కొంగు ముక్కు మీంచి తీయలేకపోయాను. ఆ వాసన ప్లాస్టిక్కుది కాదు. అరటితొక్కది, మిగిలిన సాంబారుది. మా దొడ్లో గత్తమయ్యే అరటితొక్క, కొండంత చెత్తకింద గాలి ఆడకుండా పడితే మీథేన్ అనే వాయువవుతుంది. అది భూమిని వేడెక్కించడంలో, నూరేళ్ళ లెక్కన చూస్తే, బొగ్గుపులుసు గాలికి ఇరవై ఎనిమిది రెట్ల గట్టిది. అడుగునుంచి నల్లటి నీరు కారి భూమిలోకి దిగుతుంది. ఇటు ప్లాస్టిక్కు సంగతి చూస్తే, శుభ్రంగా పొడిగా వున్న సీసాని కొనుక్కునేవాడున్నాడు. సాంబారు పూసుకున్న కవరుని ఎవరు కొంటారు? రెండూ కలిస్తే రెండూ చెడ్డాయి. తడీ పొడీ విడివిడిగా ఇవ్వాలని 2016లోనే కేంద్ర ప్రభుత్వం నియమాలు పెట్టింది. మా అపార్టుమెంటులో ఆకుపచ్చ డబ్బా, నీలం డబ్బా కూడా వున్నాయి. ఏ డబ్బా దగ్గరగా వుంటే అందులో వేస్తాం.

పాకలో రెండు గేదెలే కనిపించాయి. “ఆవేదీ?” అన్నాను. మా అమ్మ కాపురానికి వచ్చినప్పుడు తోలుకొచ్చిన ఆవు సంతతి అది. తరతరాలుగా నుదుట తెల్లచుక్కతో పుట్టేది.

వదిన లేచి లోపలికి వెళ్ళిపోయింది. అన్నయ్య చెప్పాడు. మాఘమాసంలో మేత మానేసిందట. కడుపు ఉబ్బింది. పశువుల డాక్టరు వచ్చి చూసి, కోసి తియ్యాలన్నాడు. మొదటి కడుపులోంచి తీసిన ముద్ద తలగడంత వుంది. అన్నీ పాలిథిన్ కవర్లు, తాళ్ళు, మధ్యలో ఒక మేకు. మూడోరోజున పోయింది.

మేకలాగా ఆవు పెదవులతో ఏరుకుని తినదు. నాలుకతో చుట్టి లోపలికి లాక్కుంటుంది, తీరిగ్గా తరవాత నెమరేస్తుంది. కవరులో అన్నం వాసన వుంటే కవరుతో సహా మింగేస్తుంది. ఆ కవరు అరగదు, బయటికి పోదు. ఏళ్ళ తరబడి అక్కడే పేరుకుంటుంది. ఇలాంటి ఆవుల విషయమై పుట్టపర్తిలోని కరుణా సొసైటీవారు 2012లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు కూడాను.

ఇక్కడ నేనొక సంగతి చెప్పాలి. చెప్పకుండా దాటేద్దామనుకున్నాను గాని కలం సాగడంలేదు. హైదరాబాదులో మా గేటు దగ్గరికి రోజూ ఒక ఆవు వచ్చేది. రాత్రి మిగిలిన అన్నం, చపాతీలు ఒక కవరులో వేసి, కాకులు లాగకుండా గట్టిగా ముడి వేసి, గోడ పక్కన పెట్టేదాన్ని. ముడి నా చేత్తో నేనే వేసేదాన్ని. గోవుకి గ్రాసం పెట్టానని తృప్తిగా లోపలికి వచ్చి దీపం పెట్టుకునేదాన్ని. అలా ఎన్నేళ్ళు! ఆ ఆవు రావడం ఎప్పుడు మానేసిందో నేను గమనించనేలేదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఉక్క వల్లనే అని వదినతో అన్నాను.

పెళ్ళి ఇంకా నాలుగు రోజులుంది. వంటల కంట్రాక్టరు ఆకుల నమూనా పట్టుకొచ్చాడు. చూస్తే అరిటాకే. ఆకుపచ్చగా ఈనెలతో సహా నిగనిగలాడుతోంది. ముట్టుకుంటే కాగితం! అరిటాకు బొమ్మ అచ్చువేసిన కాగితం. రావులపాలెం అరటితోటలకి కూతవేటు దూరంలో, అరటిచెట్టుకి అరటిచెట్టే మొహం తిప్పుకోవలసిన వస్తువు.

“కాగితమేనండి, మట్టిలో కలిసిపోద్ది,” అన్నాడు కంట్రాక్టరు. ప్లాస్టిక్ పళ్ళేలు, కప్పులు, స్ట్రాలు 2022 జూలై 1 నుంచి నిషేధమని అతనికీ తెలుసు. అందుకే కాగితం మాట గట్టిగా అన్నాడు.

వదిన ఆ ఆకుని బకెట్ నీళ్ళలో పడేసి, రాత్రంతా నానబెట్టింది. మర్నాడు పొద్దున్న వేళ్ళతో రుద్దితే కాగితం గుజ్జయి వూడిపోయింది. మిగిలినది పాము కుబుసంలాటి పల్చటి పొర. దాన్ని చిటికెన వేలికి వేలాడదీసి అన్నయ్యకి చూపించింది. ఒక్కమాట అనలేదు. (మా వదిన మాటలకన్నా ఆవిడ మౌనానికే అన్నయ్య భయపడతాడు.)

అయినా అన్నయ్య బాధ అన్నయ్యది. ఎనిమిదివందల మంది భోజనాలు. అసలు ఆకులు కొనవచ్చు, కడగవచ్చు. ఎత్తేదెవరు? అదివరకు ఎంగిలాకులు ఎత్తడానికి మనుషులుండేవారు. వాళ్ళెవరో, ఆ పని వాళ్ళ నెత్తినే ఎందుకు పెట్టామో, దానికి వాళ్ళకి ఏమిచ్చామో తలుచుకుంటే పాతకాలమంతా బంగారమని నేను అనలేను. వాళ్ళ పిల్లలు చదువుకుని ఉద్యోగాలకి వెళ్ళారు. మంచిపని చేశారు.

చివరికి పెళ్ళికూతురే తేల్చింది. “తాతయ్యా, తిన్న ఆకు ఎవరిది వాళ్ళు ఎత్తుకోమందాం. పెద్దవాళ్ళవి మేం ఎత్తుతాం,” అంది. హైదరాబాదునుంచి, బెంగుళూరునుంచి వచ్చిన కుర్రకారంతా పంచెలు ఎగ్గట్టి సిద్ధమయ్యారు. మగపెళ్ళివారు ఏమనుకుంటారోనని అన్నయ్య వణికాడు గాని, వియ్యంకుడుగారే మొదట తన ఆకు మడిచి లేచేసరికి ఇంక ఎవరూ నోరెత్తలేదు.

అన్నీ సవ్యంగా జరిగాయని చెబితే మీరు నమ్మరు. మగపెళ్ళివారితోపాటు పావులీటరు నీళ్ళ సీసాలు పెట్టెలకొద్దీ దిగాయి. రెండు గుక్కలు తాగి వదిలేసినవి పందిరినిండా. రాత్రి ఐస్‌క్రీం కప్పులు ఎవరు తెప్పించారో ఈ రోజుకీ తేలలేదు. రెండో బంతి ఆకుల్లో ఆ కప్పులు కలిసిపోతే, మర్నాడు నేనూ కౌలురైతు భార్యా దొడ్లో పీటలేసుకు కూచుని రెండు గంటలు ఏరాం. పప్పు, పెరుగు, జిడ్డు. నాకు డెబ్బయ్యేళ్ళకి దగ్గరపడ్డాయి. గోడ అవతలికి పారేసినదాన్ని మళ్ళీ చేత్తో ముట్టుకోవడం అదే మొదటిసారి. ఆవిడ నవ్వుతూ, “రోజూ మా ఆయన చేలో ఏరేది ఇదేనండి,” అంది.

ఆకులన్నీ కొత్త గోతిలోకి వెళ్ళాయి. పొర ఆకులు, పొర పేడ, పొర మట్టి. పాత దిబ్బ జోలికి ఎవరూ పోలేదు. తగలబెట్టేద్దామని ఒక కుర్రాడు అగ్గిపెట్టె తీస్తే అల్లుడు చెయ్యి పట్టుకు ఆపాడు. ప్లాస్టిక్కుల్లో కొన్నిటిని కాలిస్తే డయాక్సిన్లనే విషాలు పుడతాయట. పొగ ఆ ఇంటా ఈ ఇంటా పసిపిల్లల ముక్కుల్లోకే వెళుతుంది.

మర్నాడు కొత్త దంపతులతో అంతర్వేది వెళ్ళాం. లక్ష్మీనరసింహస్వామి దర్శనమయ్యాక, వశిష్ట సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ళ గట్టుకి నడిచాం. నీళ్ళ రంగు మారే చోటు చూడముచ్చటగా వుంటుంది. కాని నా చూపు ఇసక మీదే వుంది. అల వెనక్కి తగ్గినచోట గీత గీసినట్టు ఒక వరస. నానిన కొబ్బరిడొక్కలు, వలతాళ్ళ ముక్కలు, చెప్పులు, సీసామూతలు. త్రయంబకంలో పుట్టి 1,465 కిలోమీటర్లు నడిచొచ్చిన గోదావరి, దోవలో ఎవరేమిచ్చినా కాదనకుండా తెచ్చి ఇక్కడ అప్పజెబుతోంది. సముద్రం కొంత పుచ్చుకుని కొంత తిప్పి పంపుతోంది.

ఒక కొబ్బరిడొక్క తీసి నలిపాను. పొడిపొడిగా రాలింది. కొబ్బరిపీచు మెత్తబడడానికి ఏళ్ళు పడుతుంది గాని మెత్తబడుతుంది. పక్కనున్న ప్లాస్టిక్ చెంచాని నలిపితే అదీ రాలింది! ఇదీ కుళ్ళుతుందన్నమాట అని సంతోషించబోయాను. అల్లుడు తల అడ్డంగా తిప్పాడు. ఎండకి పెళుసెక్కి ముక్కలవడం కుళ్ళడం కాదుట. అయిదు మిల్లీమీటర్లకన్నా చిన్నవై, ఇంకా చిన్నవై, చేపకి తిండిలా కనిపించే దాకా వస్తాయి గాని మట్టిగా మారవు. 2022లో నెదర్లాండ్స్ శాస్త్రజ్ఞులు మనుషుల రక్తంలోనే వాటిని కనిపెట్టారు. పుస్తెలమ్మి అయినా తినాలని మావాళ్ళు చెప్పుకునే పులస, వరదల్లో సముద్రంనుంచి గోదావరిలోకి ఎక్కేది ఇలాంటి మొగలలోంచే. కొత్తపెళ్ళికూతురు ఏమనుకుందో, తన చేతిలోని చిప్సు పొట్లం మడిచి మొగుడి జేబులో పెట్టింది. అతను కాదనలేదు. కొత్త కదా!

నా తిరుగు ప్రయాణం రోజున వదిన ఆవకాయ కట్టింది. ఏటా పాలిథిన్ కవర్లో పోసి, పైన ఇంకో కవరు, ఆపైన ఇంకోటి వేసి కట్టేది. నూనె చుక్క కారేది కాదు. ఈసారి మా అమ్మ నాటి జాడీ తీసింది. జాడీ మాత్రం మట్టిలో కలుస్తుందా? కలవదు. కాని అరవై ఏళ్ళుగా ఏటా ఆవకాయ మోస్తూనే వుంది. దాన్ని ఎవరూ పారెయ్యలేదు. వాసెనగుడ్డ కట్టి, “జాడీ తిరిగి పంపాలి సుమా,” అంది.

బస్సు దాకా కౌలురైతే సామాను మోశాడు. దొడ్లోంచి వస్తూ కొత్త గోతి దగ్గర ఆగి, కర్రతో కెలికి చూశాడు. ఒక ఐస్‌క్రీం కప్పు బయటపడింది. మా యిద్దరి కళ్ళూ కప్పి లోపల మిగిలిపోయింది. దాన్ని తీసి గట్టున పెట్టాడు.

“ఈ గొయ్యి ఇలాగే ఉంచండమ్మాయిగారూ. దాళ్వాకి చూసి ఓ బండి తోలుకెడతాను,” అన్నాడు. “రెండో బండి సంగతి అప్పుడు చెబుతానండి.”

హైదరాబాదు చేరేదాకా జాడీ ఒళ్ళోనే పెట్టుకు కూచున్నాను. ఖమ్మం దాటాక నూనె కారి, పెళ్ళికి పెట్టిన కొత్త చీర మరకైంది.